వేరుకు తోడు

తెలుగువారి వంటింట టమాటా లేని రోజు నేడు అరుదు. పప్పులోకి, చారులోకి, పచ్చడిలోకి, ఎండబెట్టి పెట్టుకొనే ఊరగాయలోకి కూడా అదే కావాలి. అయినా ఇది మన నేలకు పరాయి మొక్క. దక్షిణ అమెరికాలో పుట్టి, ఐరోపా చేరి, అక్కడి నుంచి ఓడలెక్కి భారతదేశానికి వచ్చింది. మన ప్రాచీన కావ్యాలలోని విందు వర్ణనలలో వంకాయకు చోటు దక్కింది గాని టమాటాకు దక్కలేదు. వచ్చిన కొత్తలో మన పెద్దలు దీనికి ‘రామములక’ అని పేరు పెట్టుకొన్నారు. అప్పటికే తమకు తెలిసిన ములక మొక్కతో పోలిక చూసి పెట్టిన పేరది. ఆ పోలికను వృక్షశాస్త్రం కూడా అంగీకరిస్తుంది. టమాటా, వంగ, మిరప, ములక ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు.

కృష్ణా డెల్టా ప్రధానంగా వరి భూమి. 1855 నాటికి విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తి కావడంతో ఇక్కడి కాలువల చరిత్ర మలుపు తిరిగింది. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. సుమారు 13 లక్షల ఎకరాలకు నీరందించే ఈ వ్యవస్థ కింద కూరగాయలకు మిగిలినవి నదిలోని లంకలు, ఒడ్డు వెంబడి ఒండ్రు నేలలు, నీరు నిలవని మెరక చేలు. అందుచేతనే విజయవాడ మార్కెట్టుకు టమాటా చాలావరకు మదనపల్లె వైపు నుంచి లారీల మీద రావలసి వస్తున్నది. స్థానికంగా పండించే రైతులు లేకపోలేదు. వారిలో అనేకులు కౌలుదారులు. కౌలు సొమ్ము ముందే కట్టి, విత్తనానికీ నారుకూ అప్పు తెచ్చి, ధర ఎట్లా ఉంటుందో తెలియని పంటను చేతిలోకి తీసుకొనేవారు. నారుమడిలో మొలక కుళ్ళితే వారికి మొదటి దెబ్బ. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి పూత రాలితే రెండవ దెబ్బ. కాయ బాగా కాసిన ఏడు ధర పడిపోతే, కోత కూలి కూడా రాక కాయను చేలోనే వదిలివేసిన సందర్భాలు అందరమూ పత్రికలలో చదివినవే.

అటువంటి రైతు ఎరువుల దుకాణానికి వెళ్ళినప్పుడు బస్తాల పక్కన, పురుగుమందుల డబ్బాల పక్కన మూడవ రకం సరుకు కనిపిస్తుంది. ఒక సీసాలో నల్లని ద్రవం. దాని మీద ‘సముద్రపు నాచు సారం’ అని ఉంటుంది. ఒక పొట్లంలో బూడిదరంగు పొడి. దాని మీద ‘మేలు చేసే శిలీంధ్రం’ అని ఉంటుంది. ఇవి ఎరువులా, మందులా? కొనడమా, మానడమా? ఈ ప్రశ్నకు సరైన సమాధానం తెలియకపోవడం వల్ల కొందరు కొనవలసినది కొనడం లేదు. మరికొందరు కొనవలసిన అవసరం లేనిది కొంటున్నారు.

ఎరువు మొక్కకు ఆహారం. మందు మొక్క శత్రువును చంపేది. ఈ రెండింటికీ చెందని మూడవ వర్గాన్ని బయోస్టిమ్యులెంట్లు అంటారు. జీవప్రేరకాలు అని తెలుగులో చెప్పుకోవచ్చు. ప్రేరణ అన్న మాటలోనే వీటి స్వభావమంతా ఉంది. మొక్కకు లేని శక్తిని ఇవి తెచ్చి ఇవ్వవు. ఉన్న శక్తిని పనిలోకి దింపుతాయి. ఒక చిన్న లెక్కతో ఇది స్పష్టమవుతుంది. ఎకరం టమాటాకు నత్రజని పదుల కిలోలలో కావాలి. నాచు సారం మోతాదు సాధారణంగా లీటరు నీటికి రెండు మూడు మిల్లీలీటర్లు. ఎకరం మీద పిచికారి చేసినది అంతా కలిపినా పావులీటరో అరలీటరో అవుతుంది. ఆ కొద్దిపాటి ద్రవంలో ఎకరానికి సరిపడే ఆహారం ఉండడం అసంభవం. కాబట్టి దాని పని ఆహారం కాదు, సంకేతం. ఆకలిగా ఉన్న మొక్కకు సంకేతమిచ్చి ప్రయోజనం లేదు. ఎరువు మానివేసి సీసాను నమ్ముకొన్న చేను ఎందుకు నిరాశపరుస్తుందో దీనివల్ల తెలుస్తుంది.

నాచు అనగానే డెల్టా విద్యార్థికి చెరువు మెట్ల మీది పాకుడు గుర్తుకు వస్తుంది. మరికొందరికి కాలువలను కప్పివేసే గుర్రపుడెక్క గుర్తుకు రావచ్చు. కాని గుర్రపుడెక్క నాచు కాదు; వేరు, ఆకు, పువ్వు ఉన్న మొక్క. సముద్రపు నాచుకు అటువంటి నిజమైన వేరు ఉండదు. అది రాతిని పట్టుకొని నిలిచి, చుట్టూ ఉన్న నీటి నుంచే లవణాలను తన దేహమంతటితో తీసుకొంటుంది. దానికి పట్టు కావాలి, వెలుగు కావాలి. హంసలదీవి వద్ద కృష్ణ సముద్రంలో కలిసే చోట ఈ రెండూ తక్కువే. నది తెచ్చిన బురద అడుగున పరచుకొని ఉంటుంది. నీరు మట్టితో కలగి ఉంటుంది. అక్కడ మడ అడవులు పెరుగుతాయి గాని నాచు సమృద్ధిగా పెరగదు. రాతి తీరమున్న విశాఖపట్నంలో పరిస్థితి వేరు. అక్కడి అలలు తాకే బండల మీద ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు వన్నెల నాచులు కనిపిస్తాయి.

ఐర్లండు, స్కాట్లండు, ఫ్రాన్సులోని బ్రిటనీ తీరాల రైతులు ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును బండ్ల మీద పొలాలకు తోలుకొనేవారు. 20వ శతాబ్ది నడుమ ఇంగ్లండులో దానిని ద్రవంగా మార్చి అమ్మడం మొదలైంది. మన దేశంలో ఈ కృషికి కేంద్రం గుజరాత్‌లోని భావనగర్. అక్కడి కేంద్రీయ లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1954లో ఏర్పడింది. ఫిలిప్పీన్సుకు చెందిన కప్పాఫైకస్ అనే ఎర్రనాచు మొక్కను 1984లో ఓఖా తీరంలో నాటినవారు ఆ సంస్థ శాస్త్రవేత్తలే. తరువాత తమిళనాడులోని మండపం తీరంలో దాని సాగు విస్తరించింది. వెదురు తెప్పలకు నాచు ముక్కలు కట్టి సముద్రంలో వదిలితే 45 రోజులకు కోతకు వస్తాయి. రామనాథపురం జిల్లాలో ఈ పని చేసేవారిలో మత్స్యకార స్త్రీలు ఎక్కువ. తాజా నాచును నలిపి రసం తీస్తారు. పిప్పి నుంచి ఆహార పరిశ్రమకు కావలసిన కారాజీనన్ అనే జిగురు పదార్థం వస్తుంది. రసం పొలానికి వస్తుంది. ఒకే పంట నుంచి రెండు సరుకులు తీసే ఈ పద్ధతి వల్లనే నాచు రసం రైతుకు అందుబాటు ధరలోకి వచ్చింది. అయితే మరొక వైపు కూడా చెప్పాలి. పరాయి నేల నుంచి తెచ్చిన ఈ నాచు మన్నారు సింధుశాఖలోని కొన్ని పగడపు దిబ్బల మీదికి పాకి, వాటిని కప్పివేసినట్లు పరిశోధకులు గుర్తించారు. సహజమైనదంతా నిరపాయమని అనుకోరాదు.

ఆ రసంలో ఏమున్నది? పొటాష్ కొంత, సూక్ష్మపోషకాలు కొంత, బీటైన్ల వంటి పదార్థాలు, మొక్కల హార్మోన్లను పోలినవి అత్యల్ప పరిమాణంలో, అన్నింటినీ మించి నాచుకే ప్రత్యేకమైన చక్కెర గొలుసులు. ఈ గొలుసులు ఆకును తాకినప్పుడు మొక్క వాటిని ఒక హెచ్చరికగా గ్రహించి, రాబోయే కష్టానికి ముందుగానే సన్నద్ధమవుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అందువల్ల పిచికారికి వేళ ముఖ్యం. నారు నాటి నిలదొక్కుకొనే దశలో, పూతకు ముందు, పిందె కట్టే దశలో చేసిన పిచికారి ఫలిస్తుంది. వేడిగాలి వీచి మొక్క వడలిన తరువాత చేసినది వృథా. విజయవాడ మే నెల ఎండను ఏ నాచూ చల్లార్చలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల ఎండకు కొంత ఓర్పు కల్పించగలదు, అంతే.

ఇక శిలీంధ్రం. ఈ మాటను గురించి రెండు ముక్కలు చెప్పకుండా ముందుకు సాగడం భాషాధ్యాపకునికి కష్టం. వ్యవహారంలో మనం బూజు అంటాం. బూజు అనగానే పాడైన పచ్చడి గుర్తుకు వచ్చి ముఖం చిట్లిస్తాం. సంస్కృతంలో శిలీంధ్రమంటే పుట్టగొడుగు. కాళిదాసు మేఘసందేశంలో మేఘగర్జన విన్న భూమి పుట్టగొడుగులు మొలిపించి, తాను గొడ్డుది కానని తెలుపుకొంటుంది. పంచకావ్యాలకు వ్యాఖ్యానం రచించిన తెలుగువాడు కోలాచలం మల్లినాథసూరి ఆ సందర్భంలో ఆగి, పుట్టగొడుగులు మొలవడం రాబోయే పైరు సమృద్ధికి సూచన అని వివరించాడు. టమాటా వేరులో ఉండే శిలీంధ్రం పుట్టగొడుగును పుట్టించదు. కాబట్టి కాళిదాసుకు ఆధునిక శాస్త్రాన్ని అంటగట్టడం ఉచితం కాదు. అయినా శిలీంధ్రాన్ని శత్రువుగా కాక శుభసూచనగా చూసిన చూపు ఒకటి మన సాహిత్యంలో ఉన్నదని గుర్తించవచ్చు.

రైతుకు మేలు చేసే శిలీంధ్రాలలో ముఖ్యమైనవి రెండు. వాటి నడవడి పూర్తిగా వేరు. మొదటిది ట్రైకోడెర్మా. ఇది నేలలో స్వేచ్ఛగా బతుకుతుంది. చివికే ఆకును, పేడను తిని పెరుగుతుంది. తెల్లగా పరచుకొని, సిద్ధబీజాలు ఏర్పడగానే ఆకుపచ్చగా మారుతుంది. నారుకుళ్ళు, వేరుకుళ్ళు కలిగించే శిలీంధ్రాలు ఎదురైతే వాటి తంతువులకు చుట్టుకొని, గోడలను కరిగించి తినివేస్తుంది. ఈ సంగతిని 1932లో వైన్‌డ్లింగ్ అనే శాస్త్రజ్ఞుడు లోకానికి తెలిపాడు. శిలీంధ్రమే శిలీంధ్రానికి విరుగుడు కావడం ఇందులోని విశేషం. టమాటా విత్తనం కిలోకు 4 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించి చల్లడం వ్యవసాయ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్న పద్ధతి. పొలంలో వేయదలచినవారు 90 కిలోల చివికిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీరు చిలకరించి, నీడలో కుప్పపోసి, తడి గోనెసంచులు కప్పి ఉంచుతారు. వారం పది రోజులకు కుప్పంతా బూజు పడుతుంది. ఆ బూజును చూసి ఎరువు పాడైందని పారబోసిన అమాయకులూ ఉన్నారట! అదే అసలు సరుకు. రాగి మందు గాని, ఇతర బూజుమందు గాని అదే మడిలో పోస్తే శత్రువుతో పాటు ఈ మిత్రుడూ చస్తాడు.

రెండవది వేరును విడిచి బతకలేనిది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ 1885లో దీనికి మైకోరైజా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఆ మాటకు శిలీంధ్రమూ వేరూ కలసినది అని అర్థం. ఇది టమాటా వేరు కణాలలోకి ప్రవేశించి అక్కడ చిన్న చెట్టులా కొమ్మలు వేస్తుంది. రెండవ కొసన, వేరు నూగు కంటె సన్నని తంతువులను నేలలోకి చాలా దూరం పంపుతుంది. భాస్వరం నేలలో కదలని పోషకం. వేరు తన చుట్టూ ఉన్న కొద్దిపాటి భాస్వరాన్ని తీసుకొన్నాక, అంగుళం దూరంలో ఉన్నదైనా దానికి అందదు. ఆ అంగుళం దూరాన్ని శిలీంధ్రం దాటి తెచ్చిపెడుతుంది. ప్రతిఫలంగా మొక్క తాను ఎండలో తయారుచేసుకొన్న చక్కెరలో, కొవ్వులో భాగమిస్తుంది. స్కాట్లండులోని రైనీ అనే చోట దొరికిన 40 కోట్ల సంవత్సరాల నాటి శిలాజాలలో కూడా ఈ పొత్తు కనిపించింది. మొక్కలు నేల మీద కాలూనిన తొలి రోజులలోనే, నిజమైన వేర్లు రూపొందక ముందే, ఈ తోడు ఏర్పడిందన్నమాట. భూమి మీది మొక్కజాతులలో 70 శాతానికి పైగా మైకోరైజాతో పొత్తు పెట్టుకొన్నవే. క్యాబేజీ, ఆవాల కుటుంబం మాత్రం ఈ పొత్తుకు దూరం. కాబట్టి క్యాబేజీకి మైకోరైజా పొట్లం అమ్మడం మోసమో అజ్ఞానమో అయి ఉండాలి.

ఇక్కడికి వచ్చాక డెల్టా నేల మీద దృష్టి నిలపాలి. మైకోరైజాకు గాలి కావాలి, జీవించి ఉన్న వేరు కావాలి. నెలల తరబడి నీరు నిలిచిన వరి మడిలో గాలి ఉండదు. వరి తన కాడ గుండా వేరుకు గాలి పంపుకోగలదు గాని, ఆ మన్నులో మైకోరైజా క్షీణిస్తుంది. ఏ నీరు ఈ డెల్టాను అన్నపూర్ణగా చేసిందో, ఆ నీరే వేరుకు తోడైన శిలీంధ్రాన్ని పలచబరిచింది. వరి కోసిన మెరక చేలో టమాటా నాటినప్పుడు మొక్కలు గిడసబారి, ఆకుల అడుగుభాగం ఊదారంగుకు తిరిగితే అది భాస్వరపు కొరతకు గుర్తు. రైతు వెంటనే మరో బస్తా డి.ఎ.పి. వేస్తాడు. నేలలో భాస్వరం ఉండీ అందకపోవడం అసలు కారణమైతే, ఆ బస్తా వల్ల పని తాత్కాలికంగా జరుగుతుంది. భాస్వరం సమృద్ధిగా దొరికిన మొక్క మాత్రం శిలీంధ్రానికి చక్కెర ఇవ్వడం తగ్గించుకొంటుంది. మరుసటి ఏడు కొరత మళ్ళీ కనిపిస్తుంది, బస్తా మళ్ళీ కావలసి వస్తుంది. ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. అమెరికాలో 1993లో మిసిసిపీ, మిస్సోరీ నదుల వరదలు ముంచెత్తిన పొలాలలో తరువాతి ఏడు మొక్కజొన్న ఇటువంటి భాస్వరపు కొరతనే చూపింది. పైరు లేక, నీటిలో మునిగి ఉన్న నేలలో మైకోరైజా తగ్గిపోవడమే కారణమని అక్కడి పరిశోధకులు తేల్చారు. మన లంకలు 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరులోనూ సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరదను చూశాయి. కొద్ది రోజుల మునకకూ వరి మడిలో నెలల తరబడి నిలిచే నీటికీ తేడా ఉన్నా, పైరు కొట్టుకుపోయి నేల ఖాళీగా పడి ఉన్న కాలమంతా శిలీంధ్రానికి కరవు కాలమే.

కనుక మైకోరైజా పొట్లానికి డెల్టాలో సార్థకత ఎక్కువ. పశువుల ఎరువు పుష్కలంగా వేసి, ఏడాది పొడవునా ఏదో ఒక పైరు ఉంచే మెట్ట తోటలో అది అంతగా అవసరపడకపోవచ్చు. అక్కడ సహజంగానే ఉంటుంది. వరి వెనుక టమాటా నాటే చేలో దాని లోటు నిజమైనది. అయితే వాడే పద్ధతి తెలియాలి. చేనంతా చల్లితే వేరును తాకనిది వ్యర్థం. నారు పెంచే కొబ్బరిపొట్టు ట్రేలలోనో, నాటే గుంటలోనో వేస్తే, లేత వేరు దానిని వెంటనే కలుసుకొంటుంది. పొట్లం కొనలేని కౌలు రైతుకు మరో దారి ఉంది. జీలుగ, పిల్లిపెసర, జొన్న, సజ్జ వంటివి తొలకరికి ముందే చల్లి నేలలో జీవమున్న వేరు ఉండేటట్లు చూడడం. ఆంధ్రప్రదేశ్‌లో 2016 ప్రాంతంలో మొదలై, నేడు రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ ఉద్యమంలో ‘నవధాన్యాలు’ చల్లించడం ఇందుకే. ఈ ఉద్యమానికి 2024లో అంతర్జాతీయ గుర్తింపుగా గుల్బెంకియన్ బహుమానం లభించింది. ఎరువును పూర్తిగా మానవచ్చునన్న వాదం మీద శాస్త్రజ్ఞులలో భేదాభిప్రాయాలున్నాయి. నేలను ఖాళీగా ఉంచరాదన్న మాట మీద మాత్రం భేదం లేదు.

వారు చేయించే జీవామృతం కూడా ఒక జీవప్రేరకమే. 200 లీటర్ల నీటిలో పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి, చివర గుప్పెడు గట్టు మన్ను వేస్తారు. ఆ గుప్పెడు మన్ను నన్ను ఆకర్షించింది. డెల్టాలో గట్టు ఒక్కటే నీట మునగని చోటు; గడ్డి వేరు ఏడాదంతా బతికి ఉండే చోటు. మడిలో తగ్గిన సూక్ష్మజీవులు అక్కడ మిగిలి ఉంటాయి. పీపాలో మైకోరైజా వృద్ధి చెందదు, ఎందుకంటే అక్కడ వేరు లేదు. కాని ఇతర సూక్ష్మజీవులు కోట్ల సంఖ్యలో పెరుగుతాయి.

కొనేవారికి చట్టం చేసిన సహాయం కొంత ఉంది. చాలాకాలం ఈ సీసాలను అడిగేవారు లేరు. ఎవరికి తోచిన పేరుతో వారు అమ్మేవారు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి, నాచు సారాల వంటి జీవప్రేరకాలను అందులో చేర్చింది. పాత సరుకుకు ఇచ్చిన తాత్కాలిక అనుమతుల గడువు 2025 జూన్‌లో ముగిసింది. మైకోరైజా జీవన ఎరువుగా అదే ఉత్తర్వు కిందికి వస్తుంది. ట్రైకోడెర్మా మాత్రం తెగులును అణచేది కాబట్టి 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద నమోదు కావాలి. ఒకే సీసాలో ఎరువు, మందు, ప్రేరకం అన్నీ ఉన్నాయని చెప్పే సరుకును సందేహించడానికి ఇది చాలు. ఆకుముడతను నయం చేస్తుందని చెప్పేదానినీ అట్లాగే సందేహించాలి. ఆకుముడత తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల కలిగేది. ఈ శిలీంధ్రాలకు గాని, నాచుకు గాని దానిని తొలగించే శక్తి లేదు. మరొక జాగ్రత్త ఏమంటే, శిలీంధ్రపు పొట్లంలో ఉన్నది ప్రాణి. రేకుల కప్పు కింద వేసవి వేడిలో నెలల తరబడి ఉన్న పొట్లంలో మిగిలేది ప్రాణం లేని పొడి మాత్రమే. కాబట్టి తయారీ తేదీ, గడువు తేదీ చూసి, దుకాణంలో దాచిన చోటు కూడా అడిగి తీసుకోవాలి. ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాల వంటి చోట్ల ఈ సంగతులు చెప్పేవారున్నారు.

ఇన్ని తెలిసినా ఒక చేలో ఫలించినది పక్క చేలో ఫలించకపోవచ్చు. నాచు మీద జరిగిన ప్రయోగాలలో దిగుబడి పెరిగినవీ ఉన్నాయి, తేడా కనిపించనివీ ఉన్నాయి. నేల, ఋతువు, నాచు రకం, పిచికారి వేళ మారితే ఫలితమూ మారుతుంది. అందుకని ఎకరం మొత్తానికి ఒకేసారి వాడకుండా, చేను నడుమ రెండు సాళ్ళు ఏమీ వేయక వదలి, మిగిలిన అన్ని పనులూ వాటికీ సమానంగా చేయాలి. కోతకు వచ్చినప్పుడు ఆ రెండు సాళ్ళ కాయలను వేరే గంపలో పోసి, పక్కనున్న రెండు సాళ్ళ కాయలతో పాటు తూచి, ప్రతి కోతకూ తేదీ వేసి రాసుకోవాలి. టమాటాకు కోతలు అనేకం కాబట్టి, మొదటి గంపను చూసి తీర్పు చెప్పక చివరి కోత దాకా రాయాలి. ఆపైన రెండు తూకాలలోని తేడాను సీసా ఖరీదుతోను, పిచికారి కూలితోను పోల్చి చూస్తే, వచ్చే ఏడు ఆ సీసా కొనాలో వద్దో ఆ కాగితమే చెబుతుంది.